ఎర్ర అంకెలు

మిషన్‌కు వేస్తే గింజ పగులుతుందని ఎర్రిస్వామి నమ్మకం. అందుకే కంబదూరులో సగం ఊరు మిషన్ పట్టించినా ఆ ఇంట్లో వేరుశనగ విత్తనాన్ని ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తారు. ఆ ఉదయం కూడా ఆయన తల్లి తిప్పమ్మ పంచలో కాళ్లు బారజాపుకుని, కాయల మీద కాసిని నీళ్లు చిలకరించి, బొటనవేలితో ఒక్కొక్కటే చిట్లిస్తూ కూర్చుంది. పక్కనే మనవరాలు ఇంద్రాణి. మెల్‌బోర్న్‌లో రెండేళ్ల చదువులో ఒక ఏడాది ముగించుకుని సెలవులకు వచ్చిన పిల్ల. వచ్చిన దగ్గర నుంచి అవ్వ పక్కన చోటు వదలడం లేదు. ఇంకో వారంలో తిరుగు ప్రయాణం.

లోపల తల్లి పద్మజ అప్పుడే సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టింది.

"ఇంద్రా, చెనిక్కాయల పొడి బట్టల నడుమ పెడతాండా. వాసనొస్తే నన్ను అనొద్దు."

"పెట్టొద్దులేమ్మా."

"ఏం, బరువైతాదా?"

"బరువు కాదు. నేను పోను."

తోట నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఎర్రిస్వామి చెంబు కింద పెట్టాడు. అవ్వ చేతిలో ఇంకో కాయ చిట్లింది.

ఎర్రిస్వామిని గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే మనిషి కఠినుడు అనుకుంటారు. సెల్‌ఫోన్లు రాకముందు ఆయన బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ నడిపాడు. బెంగళూరుకు కూలికి పోయిన మొగుళ్లతో మాట్లాడడానికి ఆడవాళ్లు వచ్చేవారు. అద్దాల గదిలో బిల్లు మీటరు మీద ఎర్ర అంకెలు పరిగెత్తుతుంటే చెప్పాలనుకున్నది మర్చిపోయి ఏడుస్తూ నిలబడేవారు. వాళ్ల మీద జాలితోనే ఆయన అద్దం మీద తట్టి, "అక్కా, అయితాంది, పెట్టేయ్" అనేవాడు. బూత్ మూతపడి చాలా కాలమైంది. ఎర్ర అంకెలు మాత్రం ఆయన తలలో అట్లాగే పరిగెత్తుతున్నాయి. ఇప్పుడు మాటకు ఖర్చు లేదని ఆయనకూ తెలుసు. కూతురికి ఖర్చయ్యేది చదువుకునే సమయమని ఆయన లెక్క.

మెల్‌బోర్న్‌లో చీకటి పడ్డాక ఇంద్రాణి ఫోన్ చేసేది. ఇక్కడ అప్పటికి మధ్యాహ్నం మూడు. ఎత్తేది ఎర్రిస్వామే. "తిన్నావా? ఒళ్లు బాగుండాదా? సరేమ్మా, సదువుకో పో, పెట్టేస్తా." అంతే. పద్మజ ఫోన్ కోసం చేయి చాపితే కళ్లతోనే వద్దనేవాడు. చదువుకునే పిల్లను మాటల్లో పెట్టకూడదని ఇంటికంతా ఆయన శాసనం.

ఇప్పుడు ఆ పిల్ల పోనంటోంది.

"సదువు ఎక్కలేదా?" అని అడిగాడు, గొంతు అదుపులో పెట్టుకుంటూ.

"ఎక్కింది. మార్కులు బానే వచ్చినాయి."

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు నాయనా. ఏమీ అనేవాళ్లే లేరు. ఆడ ఇంట్లో నలుగురం ఉంటాం, నాలుగు తలుపులూ మూసే ఉంటాయి. కాలేజీలో పాఠం అయినంక ఎవరి దారి వాళ్లది. మాట్లాడేకి మనిషి లేడు నాకు ఆడ."

"కబుర్లు చెప్పుకునేకి పంపినానా నిన్ను అంత దూరం?"

ఈ మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు. ఇంద్రాణి ఒడిలోని పొట్టు దులిపి లేచి నిలబడింది.

"ఆడ కాఫీ అంగట్లో పేరు అడుగుతారు. కాఫీ అయినంక ఆ పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. నాకు కాఫీ ఇష్టం లేదు, అమ్మకు తెలుసు. అయినా పోతాంటి. ఎవరన్నా నా పేరు పిలుస్తారని. వాళ్లకు సరిగ్గా పలికేకే రాదు. అదైనా చాలనిపిస్తాండె."

పద్మజ గడప దగ్గరికి వచ్చి నిలబడిపోయింది.

"మరి ఫోన్‌లో ఎప్పుడు అడిగినా బాగుండానంటివి కదా?" అన్నాడు ఎర్రిస్వామి.

"బాగలేదని చెప్పేంత సేపు ఇచ్చినావా నాయనా నువ్వు?"

ఆయన తువ్వాలుతో తడి కాళ్లు తుడుచుకోబోయాడు. ఇంద్రాణి ఆగలేదు.

"నువ్వు పెట్టేసినంక కూడా నేను ఫోన్ చెవికాడే పెట్టుకోని ట్రామ్‌లో కూర్చుంటాంటి. తిన్నా నాయనా, అవ్వ మోకాళ్లు ఎట్లుండాయి, ఆవు ఈనిందా, అని నేనే మాట్లాడుకుంటాంటి. చుట్టూ ఉండేవాళ్లు చూస్తే నాకూ ఎవరో ఉండారు అనుకోవాలని. దిగే స్టాపు వచ్చేదాకా అట్లే మాట్లాడుతాంటి."

పద్మజ వచ్చి కూతుర్ని పొదువుకుంది.

"ఏమప్పా ఎర్రిస్వామీ," అంది తిప్పమ్మ తల ఎత్తకుండానే. "నీ బూత్ ఎప్పుడో మూసేసినావనుకుంటి. ఇంట్లోనే నడుపుతాండావే."

ఎర్రిస్వామి పంచ అంచున కూలబడ్డాడు. చేతికందిన కాయ ఒకటి తీసుకుని చిట్లించబోయాడు. బొటనవేలు గట్టిగా పడింది. గింజ నలిగి ఎర్రటి పొట్టు ఊడిపోయింది. నలిగిన గింజ విత్తనానికి పనికిరాదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఊరి ఆడోళ్లకు అద్దం మీద తట్టినట్లే నీకూ తడుతా వచ్చినానా తల్లీ," అన్నాడు చివరికి. కళ్లు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు ఆయనకు. "నీకు మేలు చేస్తాండాననే అనుకుంటి. పోవద్దులే. నీకు యాడ బాగుంటే ఆడ ఉండు. నేనేమీ అనను."

ఇంద్రాణి ఆయన పక్కన కూర్చుంది. ఆ అరచేతిలోని గింజ తీసి నోట్లో వేసుకుంది. ఆ రోజంతా ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. సూట్‌కేసు తెరిచినది తెరిచినట్టే పడి ఉంది. మరునాడు పద్మజ దాన్ని అటక మీద పెట్టేద్దామని మూయబోతే, పొడి డబ్బా బట్టల మధ్య కనిపించింది.

"ఇది నేను పెట్టలేదే?"

"నేనే పెట్టినా," అంది ఇంద్రాణి. "ఆ సదువంటే నాకు ఇష్టమేమ్మా. ఒకరన్నా నా మాట వింటాండారంటే ఉండగలను."

పద్మజ డబ్బా మూత బిగించి మళ్లీ అక్కడే పెట్టింది. పంచలో కూర్చున్న ఎర్రిస్వామికి ఆ మాటలు వినిపించాయి.

వారం తర్వాత ఇంద్రాణి వెళ్లిపోయింది. వాన ఇంకా రాలేదు, ఒలవాల్సిన కాయలు ఇంకా ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ మోగింది.

"తిన్నావా?" అన్నాడు ఎర్రిస్వామి.

"తిన్నా నాయనా. అమ్మ పొడితోనే."

"ఒళ్లు బాగుండాదా?"

"బాలేదు. చలి. ఇల్లు గుర్తుకొస్తాంది."

అట్లాంటి జవాబు ఆయనకు ఎప్పుడూ రాలేదు. బొటనవేలు దానంతటదే ఫోన్ పెట్టేసే గుర్తు మీదికి పోయింది. అక్కడే ఆగింది. ఆయన దాన్ని పక్కకు తీసుకున్నాడు. స్పీకర్ వేసి, విత్తనాల సంచికి ఫోన్ ఆనించి నిలబెట్టి, దాని ఎదుట కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టాడు.

అటువైపు గిన్నెలు కడుగుతున్న నీళ్ల చప్పుడు వినిపించింది, తర్వాత కుర్చీ లాగిన చప్పుడు, ఆ తర్వాత కాగితాలు తిప్పిన చప్పుడు. ఇటువైపు కాయ తర్వాత కాయ చిట్లుతూనే ఉంది. తిప్పమ్మ ఏదో గొణిగింది, ఆవు అరిచింది, పద్మజ ఎవరినో కోప్పడింది. పంచలో ఎండ గోడ దాకా పాకింది.

"నాయనా, ఉండావా?" అంది ఇంద్రాణి చాలాసేపటికి.

"ఈడే ఉండా. నువ్వు సదువుకో."

కాయలు అయిపోవచ్చాయి. ఆయన లేచి, లోపలి నుంచి ఇంకో సంచి తెచ్చి విప్పాడు.