తగ్గలేదని రుజువు

"అమ్మకి ఇంజెక్షన్ ఇవ్వరట." ఫోను పెట్టేసి భర్త జయపాల్ ఆ మాట అనగానే తబిత దిద్దుతున్న బడిపిల్లల పుస్తకాలు పక్కకు నెట్టేసింది. అత్తగారు జ్ఞానమ్మకు కీళ్ళవాతం. ఆ ఇంజెక్షన్ పడకపోతే చేతివేళ్ళు ఇలాగే వంకర తిరిగి బిగిసిపోతాయని భీమవరం డాక్టరు ఏనాడో చెప్పాడు. జయపాల్ కంపెనీ ఇన్సూరెన్సువాళ్ళదేమో ఒకటే పాట... ముందు చవక మాత్రలు వాడాలి, వాటితో తగ్గలేదని రుజువు చూపించాలి, ఆ తరవాతే ఖరీదైన ఇంజెక్షన్! నెలల తరబడి ఆ మాత్రలు మింగి, అన్నం సయించక ఆవిడ సగమైపోయింది. ఇంకా ఏం రుజువు కావాలమ్మా వీళ్ళకి?

అలాగని తప్పంతా వాళ్ళమీదికి నెట్టడానికీ లేదు. మొన్న వాళ్ళ డాక్టరు మణిశంకర్ గారు నరసాపురంలో ఇంటికే వచ్చి చూశారు. ఆ వేళకు తబిత బడిలో పాఠం చెబుతోంది. "బాగున్నారా అమ్మా?" అని ఆయన అడగ్గానే జ్ఞానమ్మ ఏమంది? "దేవుని దయవల్ల బాగున్నామండి" అంది! అక్కడితో ఆగిందా? ముందే నొప్పి బిళ్ళ మింగి ఉందేమో, గుప్పిట మూయమంటే పళ్ళ బిగువున మూసి చూపించింది. పెసరట్టు వేసి పెట్టింది. కాఫీ తన చేత్తోనే అందించింది. పాపం ఆయన తిని, మాత్రలు పనిచేస్తున్నాయని రాసుకుపోయారు.

"ఏంటత్తయ్యా ఇది? నొప్పని చెప్పడానికి నోరు రాలేదా?" తబిత నిలదీసింది.

"వచ్చినాయన ముందు ఏడుపు మొహం పెట్టుకు కూర్చోనా? కోడలు సరిగ్గా చూడట్లేదనుకోరూ..."

తబిత ఆవిడ వంకర వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది. కోడలిమీద మాట రాకూడదని ఈ పిచ్చితల్లి చేతులు పోగొట్టుకుంటోంది...

జయపాల్ బతిమాలగా బతిమాలగా మణిశంకర్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి తబిత సెలవు పెట్టింది. నొప్పి బిళ్ళలు పొద్దున్నే దాచేసింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"బాగానే ఉందండి. కూర్చోండి, కాఫీ తెస్తాను."

లేవబోతున్న అత్తగారి ముందు తబిత నేలమీద చతికిలబడి, జడ విప్పేసి, దువ్వెన చేతికిచ్చింది. "రోజూలాగే జడ వేయండి అత్తయ్యా."

తల్లిలేని పిల్లని, కాపురానికి వచ్చిన నాటినుంచీ జ్ఞానమ్మే జడ వేసి బడికి పంపిస్తోంది. ఇప్పుడు ఒక పాయ పట్టుకుంటే ఇంకో పాయ జారిపోతోంది. ఆవిడ నుదుటిమీద చెమటలు పోశాయి. ఎలాగో అయిందనిపించింది. తబిత తల ఊపగానే జడంతా ఊడిపోయింది.

"రోజూ ఇంతేనండి డాక్టరుగారూ. వీధి మలుపు తిరిగాక విప్పి నేనే వేసుకుంటున్నాను. తెలిస్తే బాధపడతారని చెప్పలేదు."

"ఇన్నాళ్ళూ... నాతో ఒక్క మాటైనా అనకుండానా తల్లీ..." జ్ఞానమ్మ కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

మణిశంకర్ గారు ఆవిడ వేలు పట్టుకుని మెల్లగా వంచారు. "ఇప్పుడు చెప్పండమ్మా."

"నొప్పండి... చాలా నొప్పండి."

మాత్రలతో తగ్గలేదనీ, ఇంజెక్షన్ తప్పనిసరనీ ఆయన రాశారు. పైవాళ్ళతో తానే మాట్లాడి ఇప్పిస్తానని మాటిచ్చారు. జ్ఞానమ్మ కళ్ళు తుడుచుకుని ఆ కాగితం వైపు అనుమానంగా చూసింది.

"మా కోడలు బాగానే చూసుకుంటుందండి. అది కూడా రాయండి."

"అది రాయడానికి ఇందులో చోటు లేదమ్మా," అన్నారాయన కలం మూస్తూ. "కానీ నేను కళ్ళారా చూశాను."

తబిత విరబోసుకున్న జుట్టుతోనే అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేసింది.