వెనక ఎంతమంది

గడ్డకట్టిన దారి మీద పొడుగు పళ్ళ ట్రాక్, అంటే స్నోమొబైల్ కింద తిరిగే రబ్బరు బెల్టు, పనికిరాదు. నలభై ఏళ్ళుగా షాపుకొచ్చిన ప్రతివాడికీ ఇదే చెబుతున్నాను. ప్రతివాడూ బుద్ధిగా తలూపి, గోడకు వేలాడేవాటిలో పొడుగు పళ్ళదే కావాలంటాడు. చూడ్డానికి బాగుంటుంది మరి. కొత్తగా పడిన మెత్తటి మంచులో అది స్నోమొబైల్‌ని పడవలా తేలుస్తుంది, కాదనను. కానీ వాన పడి గడ్డకట్టాక ఆ రబ్బరు పళ్ళు వంగిపోతాయి. పట్టు చిక్కదు. గడ్డ మీదకి పొట్టి పళ్ళు, గట్టి రబ్బరు కావాలి. దానికి ఉక్కు మేకులు బిగించాలి. ముందు స్కీల అడుగు పట్టీలూ పదునుగా ఉండాలి, లేకపోతే వెనక పట్టు ఎక్కువై బండి మలుపు తిరక్కుండా తిన్నగా పోతుంది.

ఇన్ని తెలిసినదాన్ని, పోయిన జనవరిలో నా మొగుడి బండికి పొడుగు పళ్ళ ట్రాక్ నా చేతులతోనే బిగించాను.

మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. పడింది వాన. తెల్లారేసరికి బ్రోషే సరస్సు అద్దంలా ఉంది. నా బండికి మేకులున్నాయి, రొజేర్ బండికి లేవు. మార్చాలంటే అరపూట పని. అవతలి ఒడ్డున విడిదిలో పొయ్యి వెలిగించి, దారిన వచ్చేవాళ్ళకి బఠాణీ సూప్ కాచే వంతు ఆ శనివారం మాది. "మార్చొద్దులేవే, నెమ్మదిగా వస్తా" అన్నాడు రొజేర్. "సరే పద" అన్నాను. ఆ రెండు మాటలూ ఏడాదిగా నా చెవుల్లోంచి పోలేదు.

మా దారుల్లో ఒక పద్ధతుంది. ఎదురుగా బండి వస్తే చెయ్యెత్తి వేళ్ళు చూపించాలి. నా వెనక ఇంతమంది వస్తున్నారు, చూసుకో అని దాని అర్థం. ఆఖరివాడు పిడికిలి చూపిస్తాడు. నా తర్వాత ఎవరూ లేరని. ఆ రోజు సరస్సు దాటాక నాకొకడు ఎదురయ్యాడు. నేను ఒక వేలు చూపించి సాగిపోయాను. ఆవిడ వెనక ఎవరూ రాలేదని వాడు తర్వాత పోలీసులకు చెప్పాడు.

సరస్సు మధ్యలో రెండు రాతి కొనలు దగ్గరికొచ్చే చోటుంది. కుత్తుక అంటాం. అక్కడ కింద నీళ్ళు ఉరుకుతుంటాయి, అంచున ఎంత చలికీ గడ్డ కట్టదు. సరిగ్గా అక్కడే దారి ఎడమకు తిరుగుతుంది. వేసవికి ముందు ఆ నీళ్ళలోంచి రొజేర్ బండిని పైకి తీశారు. రొజేర్ దొరకలేదు. ట్రాక్‌కి మేకులు లేవు, మలుపులో జారింది అని కాగితం మీద రాశారు. ఊళ్ళో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేక, నన్ను నేనే తిట్టుకుంటూ చలికాలం గడిపాను.

ఈ జనవరిలో మళ్ళీ అలాగే వాన పడి, అలాగే గడ్డకట్టింది. మర్నాడు మధ్యాహ్నం మా మరిది గయెతాన్ షాపులోకి వచ్చేసరికి నేను నేలమీద కూర్చుని నా బండి ట్రాక్ మారుస్తున్నాను. గయెతాన్ దారులు చదును చేసే పెద్ద బండి నడుపుతాడు.

"ఏంటొదినా, మేకుల ట్రాక్ ఊడదీశావు?"

"అరిగింది."

"పోయిన నెల వేసింది అప్పుడే అరిగిందా? నాకా చెవిలో పువ్వులు పెడుతున్నావ్?" నవ్వుతూ వంగి చూశాడు. పొడుగు పళ్ళు కనిపించాయి. నవ్వు ఆగిపోయింది. "ఇది అన్నయ్యకి వేసిందే కదా."

"అదే రకం. అదే కొలత."

"ఈ గడ్డ మీద దీంతో కుత్తుక దగ్గరికి పోతావా? నీకేమైనా మతిపోయిందా?"

"ఒరేయ్, బోల్టు ఎటు తిప్పాలో నీకు నేర్పింది నేను. ట్రాకుల సంగతి నాకు చెప్పకు."

"అయితే నేనూ వస్తా."

"నువ్వొస్తే తూకం మారిపోతుంది." వెనక సీటు మీద కట్టిన రెండు ఇసుక మూటలు చూపించాను. రొజేర్ నాకంటే ముప్పై కిలోలు ఎక్కువ. "మీ అన్న బరువు, మీ అన్న వేగం, అదే గడ్డ, అదే మలుపు. జారిందంటే చంపింది నేనే. జారకపోతే కాదు. ఈ ముక్క తెలియకుండా నేను బతకలేనురా."

గయెతాన్ టోపీ తలకు పెట్టుకున్నాడు. "నేను ఒడ్డుదాకా దారి చదును చేస్తుంటా" అన్నాడు చివరికి. "విడిది చేరగానే వైర్‌లెస్‌లో పలుకు. పలక్కపోయావో, బండేసుకుని వచ్చేస్తా."

నాలుగింటికి బయల్దేరాను. మా దగ్గర జనవరిలో నాలుగంటే చీకటే. దారికి రెండు వైపులా స్ప్రూస్ చెట్లు, కొమ్మలన్నీ గాజు తొడిగినట్టు గడ్డకట్టి ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా గలగలమంటున్నాయి. కింద పొడి మంచు లేక ట్రాక్ లోపలి పట్టాల ప్లాస్టిక్ వేడెక్కి కమురు వాసన వస్తోంది. రెండుసార్లు ఆగి, దారి పక్కనుంచి మంచు తవ్వి దాని మీద పోశాను. ఆగినప్పుడు ఇంజన్ శబ్దం తప్ప లోకంలో ఇంకేం లేదు. వెనక్కి చూడటం అలవాటు. చూశాను. ఎవరుంటారు?

ఒడ్డు దగ్గర గయెతాన్ బండి ఎదురొచ్చింది. లోపల దీపం వెలుగులో వాడి మొహం కనిపిస్తోంది. నేను పిడికిలి ఎత్తాను. నా వెనక ఎవరూ లేరు.

వాడు తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు చూపించాడు. ఆ వేలుతోనే నా వెనక్కి చూపించి వెళ్ళిపోయాడు.

తిరిగి చూశాను. చెట్ల మలుపు, చీకటి. ఇంకేం లేదు. ఏదో పొరపాటు పడ్డాడనుకుని సరస్సు మీదకి దిగాను.

సరస్సు మీద చలి వేరు. హెల్మెట్ సందుల్లోంచి దూరి పళ్ళు లాగుతుంది. దారికి గుర్తుగా పాతిన కర్రలు ఒక్కొక్కటే లైటులోకి వచ్చి పోతున్నాయి. బండి వెనకభాగం అటూ ఇటూ తోక ఊపుతోంది. గంటకు యాభై. రొజేర్ ఎన్నడూ అంతకు మించి పోనిచ్చేవాడు కాదు. కుత్తుక రాళ్ళు నల్లగా లేచాయి. నీళ్ళ చప్పుడు వినిపించింది. వేగం తగ్గించలేదు.

మలుపు.

వెనకభాగం కుడికి కొట్టుకుపోయింది. లైటు వెలుగులో నల్లటి నీళ్ళు... బారెడు దూరంలో. ఒళ్ళంతా ఎడమకు వాల్చి, యాక్సిలరేటర్ వదిలాను. పళ్ళు గడ్డను గీరాయి. గీరాయి... ఇంకా గీరాయి...

పట్టింది.

బండి దారిలోకి వచ్చేసింది. గట్టి గడ్డ మీద రెండొందల గజాలు పోయి ఆపాను. హెల్మెట్ తీసి ఏడ్చాను, నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. నేను కాదు. నా ట్రాక్ కాదు. నేనే తిప్పగలిగినదాన్ని నాకంటే బాగా నడిపే మనిషి తిప్పలేకపోడు. ఏడాది తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

మరైతే రొజేర్ ఎలా పోయాడు?

ఆ ఆలోచన ఇంకా పూర్తికాలేదు. కుత్తుక అవతల, నేను వచ్చిన దారిలో, ఒక లైటు కనిపించింది.

ఒకటే లైటు. నెమ్మదిగా వస్తోంది. మా పద్ధతిలో ముందువాడు వెనకవాడికోసం ఆగాలి. లైటు కనిపిస్తే మరీ ఆగాలి. నేను ఒకసారి ఆగకుండా పోయినదాన్ని. అందుకని ఆగాను. ఇంజన్ కట్టేసి మరీ ఆగాను.

ఆ బండి శబ్దం వినిపించింది. ఇంజన్ మూడు దెబ్బలకొకసారి తడబడుతోంది. ఆ తడబాటు సరిచేస్తానని నేను ఎన్నిసార్లో అన్నాను, ఎప్పుడూ చెయ్యలేదు. లైటు మలుపులో చక్కగా తిరిగింది. నాకు నలభై అడుగుల దూరంలో ఆగింది. బురద వాసన. చేపల వాసన. గడ్డకట్టిన సరస్సు మీద ఆ వాసనలు ఎక్కడివి...

"రొజేరూ..." అన్నాను.

లైటు వెనక ఒక ఆకారం. నా వైపు రాలేదు. దిగలేదు. చెయ్యి మాత్రం పైకెత్తింది.

పిడికిలి కోసం చూశాను. రొజేర్ ఎప్పుడూ ఆఖరివాడే. నేనే చివర అని పిడికిలి చూపిస్తాడు.

ఒక వేలు లేచింది.

ఆ వేలు వెనక్కి తిరిగింది. కుత్తుక వైపు.

అటు లైటు లేదు. శబ్దం లేదు. చీకటే... కాసేపటికి గడ్డ కిరకిరలాడింది. బరువైనదేదో దాని మీదకి ఎక్కినట్టు. ఆగింది. మళ్ళీ కిర్రుమంది. ఈసారి దగ్గరగా.

"పోవే" అన్నాడు. నీళ్ళు నిండిన గొంతు. "ఆగకు..."

ఆ లైటు పక్కకి తిరిగింది. బండిని దారికి అడ్డంగా పెట్టాడు, నాకూ దానికీ మధ్య. వెలుగు అంచు ఇప్పుడు దాని మీద పడుతుంది. నేను చూడలేదు. తల తిప్పేసుకుని తాడు లాగాను. ఇంజన్ అందుకుంది. ఎలా పోయానో తెలియదు.

విడిది తలుపు గడియ పెట్టి, పొయ్యి రాజేసి, వైర్‌లెస్ తీశాను.

"చేరానురా."

"అమ్మయ్య. ట్రాక్ సంగతేంటి?"

"పట్టింది."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు. "నీతో వచ్చినాయన కూడా చేరాడా?"

"ఎవరు?"

"నీ వెనకాలే లైటు వచ్చింది కదొదినా. అందుకే వేలు చూపించా. చెట్ల దగ్గర నాకు ఎదురుపడలేదు, దారి తప్పాడేమోనని..."

"తెల్లారాక రా" అన్నాను. "కుత్తుక దగ్గర ఆగొద్దు. ఏం కనిపించినా ఆగొద్దు."

పొయ్యి దగ్గర కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. రొజేర్ జారలేదు. ఆగాడు. నేను వెనక్కి చూడకుండా పోతుంటే, వెనక వచ్చేదానికి అడ్డంగా బండి పెట్టి ఆగాడు. నేను ఏడాదంతా రబ్బరు పళ్ళ గురించి ఏడ్చాను. ఆయన గురించి ఏడవటం అప్పుడే మొదలైంది. ఎంతసేపు ఏడ్చానో, ఎప్పుడు కిటికీ కింది బల్ల మీద వాలానో గుర్తులేదు. బయట గాలి కూడా లేదు.

వెలుతురొచ్చాక గయెతాన్ వచ్చాడు. ఇంజన్ ఆపలేదు. దిగలేదు. బండి తలుపు సగం తీసి, తగ్గు గొంతుతో పిలిచాడు. మొహంలో రక్తం లేదు.

"కుత్తుక దగ్గర జాడలున్నాయొదినా. నీ బండిది ఒకటి. ఇంకో బండిది ఒకటి, అడ్డంగా తిరిగి అక్కడే ఆగిపోయింది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు."

"మూడోది?"

వాడు నా కళ్ళలోకి చూడలేదు. "వస్తూ వస్తూ బ్లేడు దించి చెరిపేశాను. మొత్తం. అడక్కు. ఈ గోడ దగ్గరిదాకా మాత్రం బండి రాదు, అదొక్కటే మిగిలింది. చూడకొదినా. ఎక్కు."

చూడకుండా ఎలా ఉంటాను? గడ్డ మీద పడిన గీత చూసి ఏ ట్రాకో, ఎంత బరువో, ఎక్కడ జారిందో చెప్పగలను. నలభై ఏళ్ళుగా నా పని అదే. నేను పడుకున్న కిటికీ కిందికి వెళ్ళి వంగాను. అది ట్రాక్ కాదు. కాలూ కాదు. కానీ ఆ గడ్డ మీద నేను జారాను, గయెతాన్ బండి జారింది, మేకులున్నా లేకపోయినా కదిలే ప్రతిదీ ఎంతోకొంత జారుతుంది. వేలితో తడిమి చూశాను. వెంట్రుకవాసి కూడా గీరుకున్న గుర్తు లేదు. నెమ్మదిగా, తొందర లేకుండా, సరస్సు వైపు నుంచి తిన్నగా ఈ గోడదాకా వచ్చింది. తిరిగి వెళ్ళిన జాడ ఎక్కడా లేదు.