ఐదడుగుల రెండంగుళాల పెట్టె

శుక్రవారం… మధ్యాహ్నం మూడు గంటలు!

పట్టపగలే పొద్దు గుంకినట్టయింది. కారుమేఘాలు ఆకాశాన్ని నిలువునా మింగేశాయి. ఉరుము మీద ఉరుము! పగలు కళ్లు తెరవని గుడ్లగూబ శవపేటికల దుకాణం రేకుల కప్పు మీద వాలి మూడుసార్లు కూసింది… వీధికుక్కలు తోకలు ముడుచుకుని దొరికిన సందుల్లో దూరాయి. క్షుద్రపూజకు అర్ధరాత్రే కావాలని ఎవడన్నాడో గాని, వాడికి ఆ విద్యలో ఓనమాలు కూడా రావు. ఎదురుమేడ మీద తాళాలు బాగుచేసే మాంత్రికుడికి బాగా వచ్చు. వాడు ఏరి కోరి ఆ గంటనే ఎంచుకున్నాడు.

విశ్వాసుల ప్రభువు శుక్రవారం ఆ వేళకే సిలువ మీద ప్రాణం విడిచాడని వాడు ఎక్కడో విన్నాడు. దేవుడు చచ్చిన గంటలో దేవుడి మనుషుల మీద పడితే అడ్డం వచ్చేదెవరు? అదీ వాడి తెలివి! కథ సగం విని లేచిపోయేవాళ్లతో వచ్చే చిక్కే ఇది.

వాడి గది నిండా తుప్పు పట్టిన తాళాలు, మేకులకు వేలాడే తాళంచెవుల గుత్తులు, ఆకురాయి రాల్చిన ఇనుప పొడి. చెక్కపలక వెనక, నల్లగుడ్డ మీద… కపాలం! దాన్ని ఆవహించి ఉన్న మహాపిశాచానికి ఇరవై ఏళ్లుగా వాడు నెత్తురు పోసి పోసి, ఆ నెత్తురే దానికి మొహం మొత్తింది. ఇప్పుడది కొత్త మేత కోరింది. చెక్కుచెదరని విశ్వాసం ఉన్న మనిషి ఒకరు తన నోటితో తానే ‘ఆయన లేడు’ అనాలి. ఆ విరిగిన విశ్వాసమే దాని విందు. అది దొరికితే జీవితాంతం వీడికి బానిస. తాళం పడిన ప్రతి తలుపూ, చివరికి మృత్యుద్వారం కూడా వీడి మాటకు తెరుచుకుంటుంది. ఆదివారం సూర్యోదయానికి గడువు. ఆలోగా మేత అందకపోతే… వీడే మేత!

మరి అంత విశ్వాసం ఎక్కడుంది? మాంత్రికుడు ఎక్కువ వెతకలేదు. ఎదురుగా శవపేటికలు చేసే వడ్రంగి ఉండనే ఉన్నాడు. సంఘపెద్ద. ప్రార్థనకు లేస్తే ముప్పావుగంట దిగడు. మందిరంలో పిల్లలు ఒక నిద్ర తీసి, లేచి, రెండో నిద్రకు పడతారు. వీధంతా అతన్ని ‘ముప్పావుగంట’ అనే పిలుస్తుంది. దుకాణం గుమ్మానికి మూడు సిలువలు, రంపానికి ఒకటి, ఇంటి తాళానికి కూడా ఒకటి! ఇంతటి భక్తుణ్ణి విరగ్గొడితే విందే విందు అనుకున్నాడు మాంత్రికుడు.

ఎలా విరగ్గొట్టాలో వాడు ముందే చూసుకున్నాడు. వడ్రంగి భార్య పెట్టెల లోపల పరిచే తెల్లగుడ్డలు ఉతికి మధ్యాహ్నం పూట వాకిట్లో ఆరేస్తుంది. వరుసగా మూడు రోజులు వాడు మంత్రించిన నల్లదారంతో ఆమె నీడను కొలిచాడు. రోజుకో ముడి వేశాడు. శుక్రవారం మూడు గంటలకు దుకాణంలోకి దిగాడు. ఆరడుగుల మనిషి, గుమ్మంలో తల వంచుకుని రావలసి వచ్చింది. తమ వాళ్లలో ఒకావిడ ఆదివారం దాటదని, పెట్టె కావాలని చెప్పి, కొలత ఇదేనంటూ ఆ దారం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

భార్య దారాన్ని గుడ్డ మీద సాగదీసి టేపుతో చూసింది. ఐదడుగుల రెండంగుళాలు. ఆవిడెవరో తన ఎత్తే ఉందని, కుట్టాక తానే పడుకుని చూసుకోవచ్చని అత్తగారితో నవ్వుతూ అంది. అని ఊరుకుందా? దారం ఒక కొస మడమ కింద తొక్కిపెట్టి, రెండో కొస నడినెత్తికి ఆనించింది.

ఫెళ్లున పిడుగు! దారం పాములా ఆమె ఒంటికి చుట్టుకుంది… కత్తెర చేతిలోంచి జారి పడింది… కనుగుడ్లు వెనక్కి తిరిగి తెల్లబడ్డాయి… రంపపు పొట్టులో వెల్లకిలా పడి, విల్లులా పైకి లేచి, మగగొంతుతో భీకరంగా అరిచింది!

“ఆదివారం పొద్దు పొడిస్తే దీన్ని ఈ పెట్టెలోనే పడుకోబెడతారు!”

ముప్పావుగంట పరుగెత్తుకొచ్చాడు. భార్యంటే అతనికి ప్రాణం, అందులో వంక పెట్టలేం. ఆ రాత్రీ మర్నాడూ అతను పడని పాట్లు లేవు. ప్రార్థన చేయించి తెచ్చిన నూనె సీసా మొత్తం ఆమె నెత్తిన గుమ్మరించాడు. ఇంట్లో ఉన్న ఏడు సిలువలూ మెడలో వేశాడు. గొంతు చిరిగేలా ప్రార్థించాడు. కానీ ఆ గొంతులో దేవుడి మీద నమ్మకం కంటే పిశాచం మీద భయమే ఎక్కువగా పలికింది. పిశాచం వికటాట్టహాసం చేసింది. సిలువల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి, నూనె నాకి, ఇవన్నీ తాయెత్తుల సామానేనని, తమ అంగట్లోనూ ఇలాంటివే దొరుకుతాయని వెక్కిరించింది.

శనివారం సాయంత్రం మాంత్రికుడు మళ్లీ గుమ్మంలో తల వంచాడు. చంకలో నల్లగుడ్డ మూట. మూట విప్పి కపాలాన్ని బల్ల మీద పెట్టి, ‘ఆయన లేడు’ అని ఒక్కమాటంటే భార్య బతుకుతుందని బేరం పెట్టాడు. వాడి నోట్లో మాట నోట్లో ఉండగానే…

“ఆయన లేడు!” అన్నాడు ముప్పావుగంట. ఇంకా కావాలంటే ఇంకా అంటానన్నాడు. నలభై ఏళ్ల ప్రార్థన ఐదు అక్షరాల్లో తేలిపోయింది.

కపాలం దవడలు ఆత్రంగా తెరుచుకున్నాయి… నమిలాయి… ఆగాయి. మరుక్షణం వడ్రంగి భార్య నోట పిశాచం కాండ్రించి ఉమ్మింది.

“ఖాళీ డబ్బా! లేనిదాన్ని విరగ్గొట్టమని నన్ను పిలిచావా?”

పైన పటారం, లోన లొటారం! మాంత్రికుడికి ముచ్చెమటలు పోశాయి. వడ్రంగి సంగతి చెప్పనక్కరలేదు. పిశాచం తిట్టిన తిట్టు నిజమని ఆ గదిలో అందరికంటే ముందు తెలిసింది అతనికే. గోడకు జారగిలబడి కూలబడ్డాడు.

అప్పుడు ఆమె మెడ కటకటమంటూ మూలకు తిరిగింది. పొడుగాటి గోరు అటు చూపించింది. “అదిగో… అది!”

మూలన పీట మీద వడ్రంగి తల్లి కూర్చుని ఉంది. చూపు సగం పోయిన ముసలావిడ. ఆమె పని పలకలకు ఉప్పుకాగితం రుద్దడం. ఎక్కడ పేడు లేచిందో కళ్లకు కనిపించదు, వేళ్లకు తెలుస్తుంది. మందిరంలో వెనక బల్ల మీద కూర్చునేది. ఒక్కనాడూ లేచి దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది లేదు. శుక్రవారం నుంచి కోడల్ని విడిచి గది దాటకుండా, తడిగుడ్డతో మొహం తుడుస్తూ, మధ్యమధ్య ఆ ఐదడుగుల రెండంగుళాల పెట్టె పలకలే రుద్దుతూ ఉంది. చేతులు ఊరుకుంటే భయం ఎక్కువవుతుందట. నిండు కుండ ఆ మూలనే ఉందని మాంత్రికుడికి తోచలేదు, సంఘానికీ తోచలేదు.

రాత్రంతా మాంత్రికుడు ఆమెను బతిమాలాడు, బెదిరించాడు. ఆమె తడిగుడ్డ పిండి కోడలి మొహం తుడుస్తూనే ఉంది. కోడలి ఊపిరి గంటగంటకూ తగ్గుతూ వచ్చింది…

ఆదివారం… తెల్లవారుజాము!

గాలి స్తంభించింది. కిటికీ అవతల తూర్పు ఇంకా మసిబొగ్గే. కోడలి పెదాలు నీలంగా మారాయి. కాళ్లు చల్లబడుతున్నాయి. ముసలావిడ ఆమె తల ఒళ్లో పెట్టుకుంది. మాంత్రికుడు కపాలాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గడువు దగ్గరపడి వాడి గొంతు వణుకుతోంది. పిశాచం చెవిలో ఊదిన రహస్యాన్ని ఆఖరి అస్త్రంగా తీశాడు.

“ముసలమ్మా, చిన్నప్పుడే నీ బిడ్డలిద్దరు పోయారు. వాళ్ల పెట్టెలకు ఉప్పుకాగితం రుద్దింది నువ్వే. బతికించమని అడిగావు కదా, ఇచ్చాడా?”

గోడ వారన ముప్పావుగంట తలెత్తాడు. తన అన్నల సంగతి తల్లి నోట ఎన్నడూ వినలేదు అతను.

“ఇవ్వలేదు” అంది ముసలావిడ. “రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఇవ్వలేదు. ఆ కోపం నాకింకా ఉంది. రోజూ పోట్లాడుతూనే ఉంటాను. లేనివాడితో ఇన్నేళ్లు ఎవరైనా పోట్లాడతారా, నాయనా?”

మాంత్రికుడు పళ్లు నూరాడు. సైగ చేశాడు. పిశాచం ఒక్క క్షణం కోడలి గొంతు వదిలింది. అంతకంటే క్రూరమైన పని ఆ మూడు రోజుల్లో అది చేయలేదు. ఎందుకంటే ఇప్పుడు వచ్చింది కోడలి సొంత గొంతు.

“అత్తయ్యా… భయమేస్తోంది. అనెయ్యండి. ఒక్కమాటే కదా.”

ముసలావిడ చేతిలో ఉప్పుకాగితం జారిపోయింది. పెదాలు విడివడ్డాయి… కపాలం దవడలు తెరుచుకున్నాయి! మాంత్రికుడు ఊపిరి బిగబట్టి ముందుకు వంగాడు! ముసలావిడ మనసు కొట్టుమిట్టాడింది. మూడో పెట్టె, యాభై ఏళ్ల తర్వాత మూడో పెట్టె… ఆమె వేళ్లకింద నున్నగా సిద్ధంగా ఉంది.

“అనలేనమ్మా” అందామె ఏడుస్తూ. “ఆయన లేడని అనేశాక నిన్ను ఎవరి చేతుల్లో పెట్టను? వీడి చేతుల్లోనా? నేను అడగాల్సింది అడిగాను తల్లీ. ఇస్తే సంతోషం. ఇవ్వకపోతే ఇక్కడే కూర్చుని ఏడుస్తాను. ఆయన మనిషిగానే ఏడుస్తాను.”

కోడలు అత్తగారి చెయ్యి వెతికి పట్టుకుంది.

మాంత్రికుడు పిచ్చెత్తినట్టు లేచాడు. “ఎవరి మనిషివే నువ్వు? నీ దేవుడు శుక్రవారం మూడు గంటలకే చచ్చాడు!”

“చచ్చాడు. ఎవరు కాదన్నారు?” అంది ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ. “ఇవాళ ఏ వారం నాయనా?”

మాంత్రికుడు కిటికీ వైపు తిరిగాడు. ఆదివారం పొద్దున్నే ఆయన సమాధిలోంచి లేచాడన్న మిగతా సగం కథ వాడు వినలేదు.

తూర్పు చీలింది! ఒకే ఒక్క కిరణం రంపపు పొట్టు మీదుగా, పలకల మీదుగా వచ్చి కపాలాన్ని తాకింది. ఫెటిల్లున పగిలింది కపాలం! కోడలి ఒంట్లోంచి పిశాచం వెలువడుతూ, మూడు లోకాలూ దద్దరిల్లేలా కేక పెట్టింది… ‘ఉన్నాడు! ఇక్కడే ఉన్నాడు!’ ఏ మాట కాదనిపించాలని మూడు రోజులు పీక్కు తిన్నదో ఆ మాటే దాని నోట వచ్చింది. భయం ఉన్నచోటే దానికి నెలవు. ముసలావిడ దగ్గర కన్నీళ్లున్నాయి గాని చోటు లేదు. ఆమె చెయ్యి పట్టుకున్న కోడలి దగ్గరా లేదు. ముప్పావుగంట కపాలం వంక చూడనేలేదు, తల్లినే చూస్తున్నాడు. ఇక ఆ గదిలో నిలువెల్లా భయం నిండిన మనిషి ఒక్కడే!

నల్లదారం కోడల్ని విడిచి వాడి మీదకు ఎగిరింది. మడమ నుంచి నడినెత్తి దాకా చుట్టుకుంది… బిగిసింది… వాడు తన మంత్రాలన్నీ చదివాడు. నడుముకున్న తాళంచెవుల గుత్తి ఎర్రగా కాగి కరిగి కారింది. తలుపు దగ్గరకు పాకాడు. అన్ని తాళాలూ తీసిన చేతులకు ఆ గడియ అందలేదు. ఒక్క ఆర్తనాదం… ఆ తర్వాత రంపపు పొట్టు కూడా కదల్లేదు.

కోడలు లేచి కూర్చుని మంచినీళ్లు అడిగింది. తాగింది. తన నెత్తి నుంచి నూనె కారిన తెల్లగుడ్డ వంక చూసి, దీని మీద ఇంత నూనె పోసిన పుణ్యాత్ములెవరని మొగుణ్ణి నిలదీసింది. ముసలావిడ ఏడుస్తూనే నవ్వింది.

నేలమీద పడి ఉన్న ఆరడుగుల మాంత్రికుణ్ణి వడ్రంగి అలవాటు కొద్దీ టేపుతో కొలిచాడు. ఐదడుగుల రెండంగుళాలు. ఇంచు అటూ లేదు, ఇటూ లేదు. వీణ్ణి ఏ గుంటలోకో ఈడ్చేద్దామన్నాడు తల్లితో. నన్నడిగితే నేనూ అదే అంటాను. ముసలావిడ ఒప్పుకోలేదు. పెట్టె వీడు చెప్పి చేయించుకున్నదే కదా అంది. లోపల గుడ్డ మార్చి మెత్తగా కుట్టమని కోడలికి చెప్పింది. పక్క పలక మీద ఇంకా ఒక పేడు మిగిలిందని, ఉప్పుకాగితం వెతుక్కుని దాన్ని రుద్దడం మొదలుపెట్టింది.

తొమ్మిదింటికి ముగ్గురూ మందిరానికి వెళ్లారు. ఎప్పటిలాగే పాస్టరుగారు సంఘపెద్దను ప్రార్థన చేయమన్నారు. తల్లులు పిల్లల్ని ఒళ్లో సర్దుకున్నారు. నిద్రపోయేవాళ్లు గోడ పక్కకు జరిగారు. ముప్పావుగంట లేచి నిలబడ్డాడు. వెనక బల్ల మీద తల్లి ఉన్న వైపు ఒకసారి చూశాడు.

“ప్రభువా, నువ్వు మా అమ్మకి తెలుసు. నాకు తెలియదు. తెలియజెయ్యి.”

అని కూర్చున్నాడు. పిల్లలెవరూ ఇంకా నిద్రపోలేదు.