చేతికి తిరిగే ఇంజను

ఆ రోజు దేవరాజు ఇంట్లో కాఫీ కంటే ముందే గొడవ మొదలైంది. పాత పికప్ బండిని ఇనుము వ్యాపారికి ఇచ్చేస్తానని ఆయన, ఇవ్వనివ్వనని కూతురు యామిని. గిద్దలూరులో మెకానిక్ పని నేర్చుకుంటున్న ఆ పిల్ల అప్పటికే బానెట్ ఎత్తి, మోచేతుల దాకా మసి పూసుకుని నిలబడింది.

"వ్యాపారి వస్తా ఉండాడు. పక్కకు జరుగు," అన్నాడు దేవరాజు.

"జరగను నాయనా. తాత బండి, తాత బండి అని గొప్పలు చెప్తావు గదా, ఈ ఇంజను అసలుదేనా?"

"నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అదే."

"ఇది డీజిల్ ఇంజను. మరి డాష్‌బోర్డు మీద చోక్ ఎందుకుంది? అది పెట్రోలు బండికి గదా ఉండేది? ఇంజను కూర్చునే కాడ చూడు, పాత బోల్టుల బెజ్జాలు వదిలేసి పక్కన కొత్తవి వేసినారు. ఎవరో మార్చినారు."

"ఎవరో ఏందే? మీ తాతే!"

ఆ మాట అన్నది వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తున్న దేవరాజు తల్లి, వెంకటసుబ్బులమ్మ.

ఆమె వయసులో ఉన్నప్పుడు బండి తోలేదని, ఉన్నట్టుండి భయం పట్టుకుని మానేసిందని చుట్టాలంతా చెప్పుకుని నవ్వుతారు. అందరికంటే గట్టిగా నవ్వేది దేవరాజే.

"భయమా నాకు?" అందామె, చాట పక్కన పెట్టి. "అప్పుడుండే పెట్రోలు ఇంజను ముందర రాడ్డు పెట్టి తిప్పితే నా చేతికే తిరిగేది. మిరపకాయలు ఏసుకోని గిద్దలూరు పోయేదాన్ని. పెండ్లాం తోల్తాంటే పక్కన కూసోని పోతాడని మీ తాతను ఊరు ఎగతాళి చేసింది. అంతే, దాన్ని అమ్మేసి ఇది పెట్టిచ్చినాడు."

"డీజిల్ చౌకని పెట్టించినాడేమో అమ్మా!" దేవరాజు గొంతు పెంచాడు. "నాయన అట్లాంటోడు కాదు."

"ఇది పెట్టిచ్చిన దినమే అందరి ముందరా నన్నే తోలమన్నాడు రా. రెండు చేతులా తిప్పినా రాడ్డు కదల్లేదు. అంతా నవ్వినారు. ఆయనా నవ్వినాడు."

యామినికి ఒళ్లు మండిపోయింది. డీజిల్ ఇంజనును చేత్తో తిప్పాలంటే ఎంత బలం కావాలో ఆమెకు తెలుసు.

"ఇన్నేళ్లు నోరు మూసుకున్నా. ఇంగ మూసుకోను," అంది ముసలావిడ. "నా బండి అమ్మేదానికి నువ్వెవరు?"

దేవరాజు తలెత్తలేకపోయాడు. పెళ్లిళ్లలో అమ్మ భయం సంగతి చెప్పి తను నవ్వించిన నవ్వులన్నీ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. బయట వ్యాపారి ఆటో హారన్ మోగింది. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని గేటు దాకా వెళ్లాడు.

"బండి మా అమ్మది. ఆమె అమ్మదు," అని పంపించేశాడు.

తిరిగొచ్చేసరికి వెంకటసుబ్బులమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. పక్కన యామిని. ఆ పిల్ల కొత్తగా వేసిన సెల్ఫ్ స్టార్టరుకు ఇంజను ఒక్కసారికే అందుకుంది.

"అమ్మా, మరి నేను యాడ కూసోవాల?"

"వెనకెక్కు," అందామె.

దేవరాజు కండువా భుజాన వేసుకుని ఎక్కాడు.