మూడో అంతస్తులో కోరం

రాజనీతిశాస్త్ర విభాగంలో మూడో అంతస్తు చివరి హాలంటే పీహెచ్‌డీ చేసినవాళ్లకి కూడా హడలే. విద్యార్థులు ఉత్తుత్తి పార్లమెంటు నడిపే హాలది. చీకటి పడ్డాక అక్కడ ఎవరో ఓట్లు లెక్కపెడతారని చెప్పుకునేవారు. గెలిచిందెవరో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ దారిన రాత్రిపూట వెళ్లాల్సొచ్చింది ఒక ఎం.ఏ. అమ్మాయికి. క్లాసులో అందరూ ఆమెని రూల్‌బుక్కు అనేవారు. సభా నియమాల మీద నూట ఇరవై పేజీల ప్రాజెక్టు రాసింది పాపం. బైండింగయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. పదిలోపు గుమాస్తా ముద్ర పడాలి, పడకపోతే ఏడాది గోవిందా!

పరుగున మెట్లెక్కింది. ఆఫీసుకి తాళం. వరండాలో లైట్లు లేవు...

హాల్లోంచి గుసగుస — "చేతులెత్తండి..."

ఆమె తలుపు బయటే ఆగిపోయింది.

"ఆరు... ఏడు... ఎనిమిది... ఒక్కరు తక్కువ..."

ఇంకొకరైతే వెనక్కి లగెత్తేవారు. మన రూల్‌బుక్కుకి భయమేసినా నోరు ఊరుకోదు కదా! కళ్లు గట్టిగా మూసుకుని అరిచేసింది — "అభ్యంతరం! కోరం లేకుండా ఓటింగ్ పెట్టకూడదు!"

లోపల కెవ్వుమని ఎనిమిది కేకలు.

తలుపు తెరుచుకుంది. చార్జింగ్ లైటు వెలుగులో గుమాస్తా, కాపలా తాత, లైబ్రరీ ఆయన, ఊడ్చే అక్కలు ఐదుగురు — ఒకరినొకరు పట్టుకుని వణుకుతున్నారు. ఆమెకి నవ్వాగలేదు.

"నువ్వా తల్లీ! పై ప్రాణాలు పైనే పోయాయి," అన్నాడు తాత.

సంగతేమిటంటే, హాల్లో దెయ్యం ఉందని తాత రాత్రి డ్యూటీ మానేస్తానన్నాడు. దెయ్యం లేదని సిబ్బంది సంఘం తీర్మానం చేసి కాగితమిస్తేనే వస్తానని మొండికేశాడు. తీర్మానానికి కోరం, అంటే కనీసం తొమ్మిది మంది, ఉండాలి. తొమ్మిదో ఆయనకి జ్వరం.

"అంకుల్, ముందు నా ముద్ర!"

"సభ మధ్యలో ఎలా లేస్తానమ్మా? మూడుసార్లు లెక్కపెట్టాలని రూలు. ఇదే ఆఖరుసారి. నువ్వు బయటి మనిషివి, నువ్వే లెక్కపెట్టు."

"తక్కువైతే?"

"వాయిదాకి కారణాలు రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించాక నీ ముద్ర."

"అప్పటికి పన్నెండవుతుంది! సరిపోతే?"

"ఒక్క నిమిషం పని."

గుమాస్తా ఒక చెయ్యెత్తి, రిజిస్టరులో తల దూర్చాడు. "ఈ హాల్లో దెయ్యం లేదనేవాళ్లు చేతులెత్తండి."

ఆమె ప్రాజెక్టుని రెండు చేతులా గుండెకి హత్తుకుని లెక్కపెట్టింది. ముందు వరసలో మూడు... రెండో వరసలో నాలుగు... గుమాస్తాది ఒకటి. ఎనిమిది.

వెనక, చీకట్లో, ఖాళీ బెంచీల మధ్య — ఇంకోటి. అందరికంటే పైకి, మహా ఉత్సాహంగా ఎత్తిన చెయ్యి...

ఆమె గడియారం చూసింది. తొమ్మిదీ యాభై ఏడు.

"ఎంతమ్మా?"

"తొమ్మిది..." గొంతు కీచుమంది. "ఏకగ్రీవం!"

గుమాస్తా సంచిలోంచి తీసిన ముద్ర ప్రాజెక్టు మీద దబ్బున పడింది. గుమాస్తా ఆ సంతోషంలో మనుషుల్ని లెక్కపెట్టుకోవడం మరిచిపోయాడు. దెయ్యం లేదని తేలిపోయినందుకు తాత పొంగిపోయి బల్ల చరిచాడు. అక్కలూ చరిచారు, లైబ్రరీ ఆయనా చరిచాడు.

రూల్‌బుక్కు అప్పటికే మెట్ల మీదుంది. పైన బల్లలు చరచడం ఒక్కొక్కరే ఆపేశారు... వెనక బెంచీ మాత్రం ఇంకా దబదబా మోగుతూనే ఉంది.