ఇరవై నిమిషాల వాగు

ఉదయం ఏడు గంటలకు మణిశంకర్ శవం కనిపించింది. తల వెనక గొడ్డలి మొద్దువైపుతో కొట్టిన దెబ్బ.

2003 ఆగస్టు. ప్రత్తిపాడు దాటాక కొండకింద చిన్న రేకుల షెడ్డు. మూడేళ్ళుగా మణిశంకర్ అక్కడ చేసింది ఒకటే పని. కొండమీద చెట్లు నరికేస్తే కింద వాగు ఎలా మారుతుందో కొలవడం.

ఎస్సై వీరవేణి ఎనిమిదింటికి జీపులో వాగు దాటి వచ్చింది. షెడ్డుకు ముందు వాగు, వెనక కొండ. వేరే దారి లేదు.

నిన్న మూడున్నర నుంచి నాలుగుదాకా వాన. అయిదింటికి మణిశంకర్ వాన కొలత రాసి, టైమేసి సంతకం పెట్టాడు. అంటే అప్పటికి బతికే ఉన్నాడు. ఆ తర్వాత వాగుకు ఇవతల మిగిలింది షెడ్డు కాపలా చూసే వాచర్ లాజరు ఒక్కడే.

"పైన రెండో వాన గేజీ చూసి, అక్కడే గుడిసెలో పడుకున్నానండి. పొద్దున్న దిగొచ్చి చూస్తే సారు ఇలాగ..."

"సాక్షి ఎవరు?"

"కొండేనండి."

బేడీలు పడ్డాయి. వైర్‌లెస్‌లో సీఐ విసుక్కున్నాడు. "ఇంకేం చూస్తన్నావమ్మా? రిమాండుకి పంపెయ్!"

జీపు పక్కన, శవాన్ని చూడ్డానికి వచ్చిన జనంలో కూపు కాంట్రాక్టర్ దొరబాబు నిలబడ్డాడు. ఆ కొండమీద చెట్లు నరికించింది అతనే.

"నిన్న ఇక్కణ్ణుంచి ఎప్పుడు వెళ్ళారు?"

"అయిదుకి పావు తక్కువకి నడిచి దాటేశానండి. చీలమండ లోతే. వాన పడ్డ రెండు గంటలకి గాని ఈ వాగు రాదు. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తన్నాను కదండీ."

తొమ్మిదీ పదికి మళ్ళీ వాన. జనం వాగు దాటి ఇళ్ళకు పరిగెత్తారు. డ్రైవర్ సురేంద్ర జీపు తిప్పడానికి వెళ్ళాడు. తొమ్మిదిన్నరకు తడిసి వచ్చాడు.

"దారి పోయిందండి మేడమ్. నడుంలోతు నీళ్ళు!"

పదడుగుల షెడ్డులో నలుగురు. మూల దుప్పటి కప్పిన శవం. రేకుల మీద వాన హోరు. ఊపిరాడడం లేదు.

వీరవేణి వాచీ చూసుకుంది. ఇరవై నిమిషాలు. రెండు గంటలు కాదు.

గోడకు నీటిమట్టం రాసే యంత్రం ఉంది. డ్రమ్ము చుట్టూ కాగితం, దానిమీద పెన్ను గీత. వీరవేణి పొద్దున్నుంచీ దాన్ని చూస్తూనే ఉంది. చదవలేదు.

"లాజరూ, ఇది చదవడం వచ్చా?"

"ఆయ్. సారే నేర్పారండి."

"నిన్నటిది చదువు."

బేడీల చేతులతోనే వేలు జరిపాడు. "మూడూ యాభైకి లేచిందండి. నాలుగున్నరకి అయిదడుగులు. రాత్రి ఏడుదాకా దిగలేదండి."

వీరవేణి తిరిగింది. "దొరబాబు గారూ, అయిదడుగుల నీళ్ళు మీకు చీలమండ దగ్గరే ఆగిపోయాయా?"

దొరబాబు గోడవైపు జరిగాడు.

"మీరు చెప్పింది చెట్లున్నప్పటి వాగు. నరికేశాక వాన పడ్డ ఇరవై నిమిషాల్లో వచ్చేస్తోంది. మణిశంకర్ మూడేళ్ళు కొలిచి రాసిన రిపోర్టులో ఉన్నదీ అదే. అది పైకెళ్తే మిగతా కొండకి మీకు పర్మిట్ రాదు. నిన్న మీరు వాగు దాటలేదు. రాత్రంతా ఇవతలే దాక్కుని, పొద్దున్న జనంలో కలిశారు."

దొరబాబు తలుపుకేసి చూశాడు. అవతల ఎర్రటి నీళ్ళు చెట్టు మొదళ్ళను దొర్లించుకుపోతున్నాయి.

"వెళ్తారా?" అంది.

అతను నేలమీద కూలబడ్డాడు.

వాన తగ్గింది. బేడీల మాట విని వచ్చిన లాజరు భార్య బేబి అవతలి గట్టున ఏదో అరుస్తోంది. హోరులో ఒక్క ముక్కా వినబడడం లేదు. వీరవేణి బేడీలు విప్పింది. లాజరు నీళ్ళ అంచుకు పరిగెత్తి, రెండు చేతులూ పైకెత్తాడు. ఒకదానికొకటి ఎంత దూరం చాచగలడో అంత దూరం చాచాడు.