బూరెకు పడనిది

కాకినాడ తీరానికి అవతల నీళ్లమీద తేలే ఆ కాలనీలో కిటికీలు తెరవడం ఎప్పుడో మానేశారు. గాలిని ఇళ్లే వడగట్టి ఇస్తాయి. దుమ్ము లేదు, పుప్పొడి లేదు. అయినా కాత్యాయని పెంచుకుంటున్న కుక్క బూరె, పొట్టంతా నెత్తురు చిమ్మేలా గోక్కుంటూనే ఉంది.

ఆమె ఓట్స్ నీళ్లతో స్నానాలు చేయించింది, తిండి మార్చింది, దాని పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉతికింది. తగ్గలేదు. చివరికి పశువైద్యుడు దానియేలు పరీక్షలు చేసి, చెప్పడానికి తటపటాయించాడు.

“దానికి పడనిది మీరే మేడమ్. మీ ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు.”

కాత్యాయని పాలిమర్ శాస్త్రవేత్త. ఆ మాట విన్నాక ఆమెకు కుదురు లేకుండా పోయింది. నెలల తరబడి ల్యాబ్‌లోనే ఉండి ‘తనుపొర’ కనిపెట్టింది. స్నానమయ్యాక స్ప్రే చేసుకుంటే కంటికి కనబడనంత పలచగా ఒంటిని అంటుకుంటుంది. చెమట ఆవిరిని పోనిస్తుంది. పొట్టునూ, దానితోపాటు ఒంటి వాసననూ ఆపేస్తుంది.

వారం తిరిగేసరికి బూరె గోక్కోవడం మానేసింది. పొట్టమీద కొత్త బొచ్చు మొలిచింది. కాని అది వీధి తలుపు దగ్గర నుంచి కదలడం లేదు. కాత్యాయని పిలిస్తే చెవులు నిక్కించి తలుపు వైపే చూసేది. దగ్గరికెళ్తే మూతి చాపి వాసన చూసి, వెనక్కి జరిగేది.

“ఏం చేస్తోందది?” అని ఇంటిని నడిపే యంత్రాన్ని అడిగింది.

“మీ కోసం ఎదురుచూస్తోంది.”

“నేనిక్కడే ఉన్నాగా.”

“దానికి ఆ సంగతి తెలియడం లేదు.”

దానియేలుకు ఫోన్ చేసింది.

“మెల్లగా అలవాటు పడుద్దండి. పొర మాత్రం తీయకండి, లోపలి పుళ్లు ఇంకా మానలేదు,” అన్నాడతను. “అది హాయిగా ఉండడమే కదా మనక్కావలసింది?”

కాత్యాయని ఫోన్ పెట్టేసి హాల్లోకీ వంటగదిలోకీ తిరిగింది. కూర్చుంది, లేచింది. ఆఖరికి స్నానాలగదిలోకి వెళ్లి పొరను కరిగించేసుకుంది.

ఆమె ఇవతలికి రాగానే బూరె తలుపు వదిలి పరుగెత్తుకొచ్చింది. ఆమె కింద కూర్చోగానే మూలుగుతూ ఒళ్లోకి ఎక్కి, మెడలో మొహం దూర్చింది. ఈ ఒక్క పూటే అనుకుంటూ కాత్యాయని దాన్ని గట్టిగా హత్తుకుంది.

కాసేపటికి దాని వెనక కాలు పొట్టమీదికి లేచింది.

“దురద మొదలైంది,” అంది యంత్రం. “స్ప్రే సిద్ధం చేయమంటారా?”

“నువ్వు కాసేపు ఊరుకో,” అంది కాత్యాయని, ఆ కాలును చేత్తో అదిమిపట్టి.